మూడో గొట్టం

నమ్మనని ఒక్క మాట అను ముయా, లేచి పోత. నోటితోనే అనాలె. కండ్లు తిప్పితే, చెయ్యి ఊపితే లెక్కలకు రాదు. అనలేవు గదా? ఎనిమిది నెలలాయె నీ కుడి పక్క పడిపోయి, దాంతోటే నాలుకా పడిపోయి. అంటే ఇవ్వాళ నేను చెప్పేదంతా నువ్వు నమ్మినట్టే. డెబ్బై రెండేండ్ల నా బతుకుల ఇంత బుద్ధిగ కత వినేటోడు నాకు దొరకలే.

ఎండ మొఖాన పడుతున్నదా? మంచం జరపన్నా? వద్దులే. నీ బిడ్డ ఆయతి ఇక్కడే ఏసిందంటే ఏదో ఆలోచించే ఏసి ఉంటది. ఇక్కన్నుంచి రోడ్డు కనబడుతది, రోడ్డవతల నా షెడ్డు కనబడుతది, షెడ్డు మీద కొత్త బోర్డు కనబడుతది. హిందీల రాయించిన, నీకు చదవరాదు. నేను చదువుత విను. 'రాంప్రసాద్ హెడర్స్, తర్లగూడ. పాత కార్లకు కొత్త ఊపిరి.' ఊపిరి అన్న మాట నాదే. పెయింటరు ఆ మాట రాసి, కుంచె పక్కన పెట్టి, నిచ్చెన దిగి నా కాళ్లకు దండం పెట్టిండు. ఇంత మాట రాసిన చేత్తోటి ఇంక ఎరువుల దుకాణం బోర్డులు రాయను మేస్త్రీ అన్నడు.

నవ్వుతున్నవా, మూతి వంకర పోయిందా? ఈ మధ్య నీ మొఖం చూస్తే ఏదీ తెలుస్తలేదు.

ఇగో, నీకు చూపిద్దామనే మోసుకొచ్చిన. ఒళ్లో పెడుత, ఎడమ చెయ్యి ఆనించు. సాబులు హెడర్ అనేది ఇదే, ఇంజను పొగ పోయే నాలుగు గొట్టాలు. నాలుగు రెండైతయి, రెండు ఒకటైతది. జగదల్‌పూర్ సునీల్ సాబ్ పాత కార్ల దోస్తులు ఇరవై మంది అడిగిన్రు, అందుల ఇది నాలుగోది. వంపు తడిమి చూడు. ఎక్కడన్నా ముడత తగిలిందా? చప్పిడి పడ్డదా? లేదు గదా. నీ బిడ్డ చేసింది. ఇప్పుడు నా షెడ్డుల కూలికి చేస్తది. పొద్దుగాల నీకు జావ తాగిచ్చి వస్తది, నడిమిట్ల ఒకసారి ఉరికొచ్చి నిన్ను పక్కకు ఒత్తిగిలిస్తది, మళ్ల వస్తది. మంట పట్టుకుంటే అచ్చం నువ్వే. నేను ఆ దిక్కు కూడ పోను. కుర్చీల కూసుంట. సాబులు వస్తే లేచి నిలబడుత, అంతే.

లోకానికి పని చేసేటోడు కావాలె, చెప్పేటోడు కూడ కావాలె ముయా. నువ్వు ముప్పై ఏండ్లు చేసినవు, నేను ముప్పై ఏండ్లు చెప్పిన. ఏది కష్టం అంటవు?

పామేడు దారిల నడుము లోతు వాగుల జీపు ఆగిపోతే, ఒడ్డు మీద నిలబడి, దాని దగ్గు విని, ఫలానా ప్లగ్గు తడిసిందని చెప్పినోన్ని నేను. బ్రేకులు లేని లారీని గొల్లపల్లి కెళ్లి గేర్ల మీదనే తోలుకొచ్చిన, దారి పొడుగూత ఒక్క కోడిపిల్ల కూడ చావలే. జనం నోర్లు తెరుచుకోని విన్నరు. గప్పాలు కొడుతుండని ఎనక అనుకున్నరు, నాకు తెల్వదా? అయినా మళ్ల వచ్చి కూసున్నరు. ఆ జీపు కత నీక్కూడ తెలుసు. వాగుల దిగి ప్లగ్గు తుడిచింది నువ్వే గదా. ఒడ్డున ఉన్నది మాత్రం నేనే.

కస్టమరుకు నేనెట్ల చెప్తనో నువ్వెన్నడూ సక్కగ వినలే. మంట ముంగట కూసుంటే నీకు ఏదీ వినబడకపోయేది. ఇప్పుడు విను. సాబ్, కంపెనీ బిగించిన పోత ఇనుము ముక్క ఎట్లుంటదంటే, నలుగురు మనుషులు ఒక్క తలుపుల నుంచి ఒక్కపారే బయటికి ఉరికినట్టు ఉంటది. ఒకడి మోచెయ్యి ఇంకొకడి డొక్కల. ఇంజను పొగ కూడ అంతే, ఒకదాన్నొకటి గుద్దుకోని ఎనక్కు మర్లుతది, ఇంజనుకు ఊపిరాడదు. నేను ఆ నలుగురికీ నాలుగు దార్లు ఏస్త సాబ్. నాలుగూ ఒక్క కొలత. ముందు పోయినోడు ఎనకటోన్ని చెయ్యి పట్టి గుంజుకపోతడు. నలభై గుర్రాల బలం ఎక్కువ.

పది పన్నెండు పెరిగేది నిజమే. నలభై అంటే కదా సాబ్ కండ్లు పెద్దగ చేసేది.

ఆ నాలుగు దార్లు ఒక్క కొలతల ఎట్ల వస్తయో మాత్రం నేను ఏ సాబ్‌కూ చెప్పలే. రాయిపూర్‌ల కంప్యూటరు పెట్టి కొలుస్తరట. నీ దగ్గర ఏమున్నది? మీ అమ్మ గింజలు కొలిచిన ఇత్తడి సోల. ఏటి ఇసుక ఎండబోసి, జల్లెడ పట్టి, ఒక్కో గొట్టంల సోలెడు పోసి, పైన గిద్దెడు పోసి, దంచి, రెండు దిక్కులా కట్టె బిరడాలు కొట్టి, ఎర్రగ కాల్చి వంచుతవు. వంపు ఎట్ల తిరిగినా, నాలుగు గొట్టాలల్ల ఇసుక ఒక్కతీరు పడితే నాలుగు ఒక్క పొడుగే. ఇసుక లోపల ఉంటది కాబట్టి గొట్టం చప్పిడి పడదు. చల్లారినంక బిరడా పీకి, ఇసుక తీసి, పానాతో తట్టుతవు. ఠంగుమంటే ఖాళీ. దబ్బుమంటే ఇంకా ఉన్నది. చెవి దగ్గర పెట్టుకోని తట్టేది నువ్వు. ఈ ఊర్లె పసిపిల్లను కూడ అంత దగ్గర పెట్టుకోని చూసినోన్ని నేను చూడలే.

ముప్పై ఏండ్లల్ల ఒక్క గింజ ఇసుక మర్చిపోలే నువ్వు. ఒక్క గింజ.

సాబులు ఏమనేటోల్లో తెలుసా? నీకు హిందీ రాదు, వాళ్లకు తెలుగు రాదు, నీ దోర్లి బాస అసలే రాదు. నడుమ ఉన్నది నా నాలుక ఒక్కటే. 'ఈ చెయ్యి ఎవరిది, దండం పెట్టాలె' అని అంటే, నేను నీ దిక్కు తిరిగి 'తొందరగ కానియ్యమంటుండు' అని చెప్పిన. 'ఇంత సన్నటి పని ఎక్కడా చూడలే' అంటే, 'మంట తగ్గించు, గ్యాసు దండగైతుందంటుండు' అని చెప్పిన. నువ్వు తలకాయ ఊపి మంట తగ్గించినవు. పాపం, ఎన్ని పొగడ్తలకు మంట తగ్గించినవో.

ఎందుకు ఆ చెయ్యి బిగిస్తున్నవు? నులక తెగుతది. ఇంకా అసలు కతకే రాలే.

సునీల్ సాబ్ వచ్చిన రోజు. ఇరవై ఐదేండ్ల కిందటి సిటీ కారు, తండ్రి కొన్నది, తెల్లది, తుడిచి తుడిచి అద్దం లెక్క పెట్టుకున్నడు. బానెట్ ఎత్తి ఒక్కపారి గర్రుమనిపిస్తే చెట్ల మీది పిట్టలన్నీ సరిహద్దు దాటి తెలంగాణల వాలినయి. నేను లేచి మొదలు పెట్టిన, నలుగురు మనుషులు, ఒక్క తలుపు. సాబ్ నా మాట నడిమిట్ల ఆపిండు. నా మాట. చెయ్యి అడ్డం పెట్టి, 'మాట్లాడేటోడు కాదు, వంచేటోడు కావాలె' అన్నడు. అని ఊకుండలే. రెండు చేతులు గాల్ల పట్టుకోని, గొట్టం వంచినట్టు వంచి చూపిచ్చిండు. దానికి నా నాలుక ఏం పనికొస్తది?

నువ్వు మంట ఆపి లేచినవు. గుండె మీద చెయ్యి పెట్టుకోని, 'నేనే' అన్నవు.

ఎంత చిన్న మాట. ముప్పై ఏండ్లల్ల ఎవరి ముందటా అనని మాట. సాబ్‌కు తెలుగు రాకపోయినా సమజైపోయింది. దానికి తోడు ఆ రోజు ఆయతి ఉండె. ఆశ్రమశాలల పదేండ్లు చదివిన పిల్ల, హిందీ గలగల మాట్లాడుతది. సాబ్ చెప్పింది చెప్పినట్టు నీకు చెప్పింది. ముందు నా కారుకు చేసి చూపియ్యుండ్రి, నచ్చితే జగదల్‌పూర్‌ల షెడ్డు ఏసిస్త, తండ్రీ బిడ్డా ఇద్దరూ రావాలె, బోర్డు మీద ముయా అని మీ పేరే. నువ్వు ఆ మాట విని నా దిక్కు చూసినవు. గర్వంగ చూసినా ఓర్సుకుందును. సిగ్గుపడుకుంట చూసినవు, నా అన్నం గుంజుకున్నోని లెక్క. అది నాకు అరగలే ముయా. ఇప్పటికీ అరగలే.

ఇగ విను. ఇక్కడనే నా గొప్పతనం అంతా ఉన్నది.

గొట్టాలు కారుకు ఎక్కించే రోజు ఆయతిని గ్యాసు సిలిండరుకని భోపాలపట్నం పంపింది ఎవరు? సిలిండరు నిండుగనే ఉండె. నువ్వు ఆమె ఎందుకు పోయిందని కూడ అడగలే. నాలుగు గొట్టాలు అతికి, తట్టి, స్టాండు మీద పెట్టి, తిననీకి ఇంటికి పోయినవు. నువ్వు తట్టినప్పుడు నేను కుర్చీలనే ఉన్న. ఒకటోది ఠంగు. రెండోది ఠంగు. మూడోది ఠంగు. నాలుగోది ఠంగు. గుడిగంట కూడ అంత సక్కగ మోగదు. నాలుగూ ఖాళీ. దేవుని మీద ఒట్టేసి చెప్పమన్నా చెప్త.

నువ్వు అటు పోంగనే నేను లేచిన.

వయసులున్నప్పుడు కొత్తగూడెంల పోత పని చేసిన అని చెప్పేటోన్ని గదా, నమ్మలే ఎవ్వరు. అదొక్కటి నిజం. పోత అచ్చు లోపల గుల్ల రావాలంటే ఇసుకల బెల్లం పాకం కలిపి ముద్ద చేసి పెడుతరు. చల్లగున్నప్పుడు రాయి. ఎర్రటి వేడి తగిలితే బెల్లం కాలిపోతది, రాయి మళ్ల ఇసుకైతది. పొడి ఇసుకైతే బిగించేటప్పుడే కారిపోతది. ఇసుక నీదే తీసుకున్న, నీ సోలతోటే కొలిచిన. గిద్దెడు కూడ పట్టలే. ముద్దను కట్టెపుల్లతోటి మూడో గొట్టంల దూర్చి దూర్చి, రెండోది వచ్చి కలిసే జాగ పైన ఆపిన. రెండోదాని వేడికి బెల్లం కాలాలె గదా. చూసినవా, లెక్క? చేతులు కడుక్కోని కుర్చీల కూసుంటే ఒక్క చెమట చుక్క లేదు.

నువ్వు తినొచ్చి మళ్ల తట్టుదామని పానా తీసినవు. నేను నీ చేతులకెళ్లి పానా తీసుకున్న. 'ఇవ్వాళ నేను బిగిస్త ముయా, ఆఖరు పని, కలిసి చేద్దాం' అన్న. నీ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ నీళ్లు చూసుకుంటనే బిగించిన. ఎనిమిది బోల్టులు, ఒక్కటి కూడ మర తప్పలే.

సాబ్ కారు ఎక్కిండు. చెక్‌పోస్టు దగ్గర నుంచి వంతెన దిక్కు చడావు ఎక్కాలె. సగం కూడ ఎక్కలే. గుక్ గుక్ గుక్, ఊరకుక్కకు బొక్క గొంతుల ఇరికినట్టు. పక్కకెళ్లి ఒక సైకిలు దాటిపోయింది, ఎనక కట్టెలమ్ముకునే బుధ్రి మోపుతోటి కూసోని ఉండె, ఆమె మర్లి చూసి నవ్వింది. సాబ్ మొఖం ఎర్రగైంది.

నేను ఉరికిన. ఈ కాళ్లతోటే. సీసాల నీళ్లు తీసుకోని గొట్టాల మీద చల్లిన. ఒకటోది సుయ్యిమన్నది. రెండోది సుయ్యిమన్నది. నాలుగోది సుయ్యిమన్నది. మూడోది సక్కగ కాలలే, నీళ్లు అట్లనే జారినయి. 'సాబ్, మూడో గొట్టం' అన్న. ఎంతమంది చూసిన్రు. చుట్టూ ముప్పై మంది ఉండిరి. సరే, పది మంది.

చల్లారినంక విప్పి, తలకిందులు చేసి, మొద్దు మీద కొట్టిన. ఏటి ఇసుక. బుస్సున కారింది. నల్లగ మాడి, పొడిపొడిగ. అందరూ చూసిన్రు, నువ్వూ చూసినవు.

నువ్వు వంగి చిటికెడు తీసుకోని ముక్కు దగ్గర పెట్టుకున్నవు. మాడిన బెల్లం వాసన. అప్పుడు నా దిక్కు చూసినవు. నీకు తెలిసిపోయింది. ఆ ఒక్క నిమిషం మనిద్దరమే ఉన్నం ఈ లోకంల.

'ఖాళీ' అన్నవు. సాబ్ దిక్కు తిరిగి, గొట్టం మీద తట్టి, చెవి పట్టుకోని, 'ఖాళీ, ఖాళీ' అన్నవు. అది హిందీల కూడ ఖాళీనే కాబట్టి సాబ్‌కు సమజైతదనుకున్నవు. ఉన్నదే నీకు ఆ ఒక్క మాట. సాబ్ నీ మొఖం చూసిండు, ఇసుక చూసిండు, ఏంది ఖాళీ అని నన్నడిగిండు. నువ్వు అప్పటికే రెండు చేతులతోటి నెత్తి కొట్టుకుంటున్నవు. ఖాళీ, ఖాళీ.

నేను తల దించుకోని చెప్పిన. 'తలకాయ ఖాళీ అయిపోయింది సాబ్ అంటుండు. ముసలోడు. తియ్యడం మర్చిపోయిండు.'

సాబ్ దయగల్ల మనిషి. నీ భుజం మీద చెయ్యేసిండు. అంతట్లనే ఆ బెల్లం వాసన పట్టి, కనుబొమలు ముడిచి, తాగిండా అన్నట్టు బొటనవేలు నోటి దగ్గర పెట్టి నన్ను చూసిండు. దానికి మాత్రం నేను అబద్ధం చెప్పలే ముయా. ఊకున్న. అంతే. అడవి మనిషి, ఇప్పచెట్ల నడుమ పుట్టినోడు, మిగతాది సాబే అనుకున్నడు.

నువ్వు ఇంకా ఖాళీ ఖాళీ అంటనే ఉన్నవు.

గొట్టం ఊది, దులిపి, మళ్ల నేనే బిగించిన. ఈపారి కారు చడావు ఎక్కుడు కాదు, గాల్లకు లేచింది. బుధ్రి సైకిలు దాటి, వంతెన దాటి, కనబడకుండ పోయి, అద్దగంటకు మర్లొచ్చింది. సాబ్ దిగి నన్ను కౌగిలించుకున్నడు. నీ గొట్టాలనే, నీ వంపులనే, నీ సోల కొలతనే. ఇరవై కార్లు నాకు చెప్పిండు. జగదల్‌పూర్ షెడ్డు మాట ఎవ్వరూ ఎత్తలే. సాయంత్రానికి సిలిండరు మోసుకోని ఆయతి దిగింది. అప్పటికి పది మంది నోట్ల కత తయారై ఉన్నది, ముయా ఇసుక మర్చిపోయిండని.

మూడో రోజు నువ్వు పడ్డవు. పడ్డప్పుడు నీ చేతుల పానా ఉండెనట. తట్టుకుంట ఉంటివట, ఏదో తుప్పు గొట్టాన్ని.

ఖా.

అగో, మళ్ల అన్నవు. ఆ ముక్క ఒక్కటే మిగిలింది నీ నోట్ల. ఆస్పత్రిల నర్సమ్మ నెల రోజులు 'ఖా బాబా, ఖా' అని, తిను తిను అని హిందీల అనుకుంట నోట్ల చెంచా పెట్టింది. అక్కడ నేర్చుకున్నవనుకుంటది ఆయతి. నువ్వు ఖా అన్నప్పుడల్లా ఆకలని జావ పట్టుకోని ఉరికొస్తది. నువ్వు తల తిప్పుతవు, ఆమె గదుమ పట్టి తాగిస్తది. ఎనిమిది నెలల సంది ఎన్ని గిన్నెల జావ తాగినవో ఆ ఒక్క మాటకు. అది ఆకలి కాదని ఈ ఊర్లె నాకొక్కనికే తెలుసు. సగం మాట నీ దగ్గర ఉన్నది, మిగిలిన సగం నా దగ్గర.

ఏడుస్తున్నవా? తుడుస్త ఉండు.

ఎందుకొచ్చి చెప్తున్ననంటవా? ఇంత పెద్ద పని చేసి ఎనిమిది నెలలు కడుపుల దాచుకున్న. చెయ్యనియి కూడ చేసినట్టు చెప్పుకోని బతికినోన్ని. నిజంగ నా చేతులతోటి చేసిన పని ఇదొక్కటే, దీన్నే చెప్పుకోలేకపోతి. నిద్ర పట్టదు. కుర్చీల కూసుంటే పెదాలు అవే కదులుతయి. పాపమని కాదు ముయా, గట్లనుకోకు. ఎవనికన్నా చెప్పకపోతే అది చేసినట్టే ఉండదు నాకు.

ఆ, రా బిడ్డా. జావ తెచ్చినవా? కూసో.

ఏం లేదు, మీ అయ్యకు కత చెప్తున్న. ఏ కతనా? చెప్పాల్నా? ఆ రోజు మూడో గొట్టంల ఇసుక పెట్టింది మీ అయ్య కాదు. నేను. బెల్లం పాకం కలిపి, కట్టెపుల్లతోటి దూర్చిన. మీ అయ్య నాలుగూ తట్టిండు, నాలుగూ మోగినయి. నేను విన్న.

ఏందా నవ్వు?

ఏమన్నవు, మళ్ల అను. మీ అయ్య మరుపును నా నెత్తిన ఏసుకుంటున్ననా? ఆయన మనసు నిమ్మళించాలని? నీది ఎంత పెద్ద మనసు మామా అంటవా?

పెద్ద మనసు కాదు పిల్లా. ఎంత పనితనం కావాలె దానికి, తెలుసా నీకు? ఎంత వేడికి బెల్లం కాలుతదో, ఎంతసేపు నిలబడుతదో. నువ్వు చెయ్యగలుగుతవా? వాగుల జీపు కత నమ్మినవు. బ్రేకులు లేని లారీ నమ్మినవు, చిన్నప్పుడు నా ఒళ్లో కూసోని మళ్లీ మళ్లీ చెప్పించుకున్నవు. ఒక్క నిజం చెప్తే కండ్లు తుడుచుకోని నా చెయ్యి పట్టుకుంటున్నవు. ఇడువు. చెయ్యి ఇడువు అంటున్న.

ఖా అంటుండా? సరే, తాగిపియ్యి. మెల్లగ. గదుమ అట్ల పట్టకు, నొస్తది.

నమ్మకుంటే నమ్మకపో, నాకేంది. సాక్షి లేడనుకుంటున్నవా? ఉన్నడు. ఆ ఇసుక వాసన చూసినోడు ఉన్నడు. ఒక్క అబద్ధం ఎరగనోడు. జావ అయినంక మూతి తుడిచి, ఆయన్నే అడుగు. పేరు ముయా.